భాష కావాలి, మాస్టారు వద్దు: చైనాలో విదేశీ ఇంగ్లీష్ టీచర్ కథ (1862–2021)

మెయిన్స్ జీఎస్-1లో ప్రపంచ చరిత్ర చదివేటప్పుడు చైనాకు మనం ఇచ్చే చోటు తక్కువే. నల్లమందు యుద్ధాలు, బాక్సర్ తిరుగుబాటు, 1911 విప్లవం, 1949, ఆ తర్వాత డెంగ్ సంస్కరణలు. ఈ తేదీలన్నీ అందరి నోట్స్‌లోనూ ఉంటాయి. ఈ ఘట్టాలన్నింటి మధ్య నుంచి నడిచి వెళ్ళిన ఒక మనిషి మాత్రం ఏ నోట్స్‌లోనూ కనబడడు. జీతానికి చైనా వచ్చి, అక్కడి పిల్లలకు ఇంగ్లీష్ నేర్పి, కాంట్రాక్టు అయిపోగానే వెళ్ళిపోయిన విదేశీ టీచర్ అతను.

అతని వెంట వెళ్తే ఆధునిక చైనా చరిత్ర మొత్తం వేరే కోణంలో కనిపిస్తుంది. చింగ్ చక్రవర్తులు, కమ్యూనిస్టులు, మార్కెట్ కాలపు పాలకులు... వీళ్ళ సిద్ధాంతాలకు పొంతన లేదు. అయినా ఈ టీచర్ విషయంలో వీళ్ళందరి లెక్కా దాదాపు ఒకటే. అతని భాష మాకు కావాలి, దాని వెనక వచ్చే అతని ప్రపంచం మాకు వద్దు. ఈ రెంటినీ విడదీయడం సాధ్యమేనా అన్నదే ఈ వ్యాసంలో మన ప్రశ్న. ఇంగ్లీష్‌తో రెండు వందల ఏళ్ళుగా కాపురం చేస్తున్న మనకు ఇది పరాయి ప్రశ్న కాదు.

భాష నేర్పితే మరణశిక్ష

కథ ఇంగ్లీష్ నేర్పడంతో కాదు, చైనీస్ నేర్పడంతో మొదలవుతుంది. 1757లో చియన్‌లాంగ్ చక్రవర్తి పాశ్చాత్య వ్యాపారాన్ని ఒక్క క్యాంటన్ రేవుకే పరిమితం చేశాడు. అక్కడి అధికారుల వసూళ్ళ మీద ఫిర్యాదు చేయాలని ఈస్టిండియా కంపెనీ మనిషి జేమ్స్ ఫ్లింట్ 1759లో ఓడెక్కి ఉత్తరాన టియాంజిన్ దాకా వెళ్ళాడు. అతనికి చైనీస్ వచ్చు. ఫిర్యాదు చైనీస్‌లోనే రాసి ఇచ్చాడు. చక్రవర్తి విచారణకు ఆదేశించాడు, లంచం తిన్న అధికారిని తొలగించాడు కూడా. కానీ ఆ తర్వాత ఫ్లింట్‌ను మకావ్‌లో మూడేళ్ళు బంధించారు. ఆ ఫిర్యాదు రాయడానికి సాయపడ్డ చైనీయుడు ల్యూ యాబియన్‌కు మరణశిక్ష వేశారు. విదేశీయులకు చైనీస్ నేర్పడం నేరం అయింది.

ఇది మొండితనం అని కొట్టిపారేయకండి. భాష వస్తే మధ్యవర్తి అక్కర్లేదు, మధ్యవర్తి లేకపోతే నియంత్రణ ఉండదు. చింగ్ పాలకులకు ఈ సంగతి బాగా తెలుసు.

దాదాపు వందేళ్ళకు పరిస్థితి తిరగబడింది. రెండో నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా చేత బ్రిటన్ 1858లో టియాంజిన్ ఒప్పందం మీద సంతకం పెట్టించింది. అందులో 50వ క్లాజు మన పుస్తకాల్లో రాదు. దాని సారాంశం ఇది: ఇక మీదట బ్రిటిష్ అధికారుల ఉత్తరాలు ఇంగ్లీష్‌లోనే ఉంటాయి, కొంతకాలం మాత్రం చైనీస్ ప్రతి జత చేస్తారు, అర్థంలో తేడా వస్తే ఇంగ్లీష్ ప్రతిదే చెల్లుబాటు. అంటే ఇంగ్లీష్ రాకపోతే తాను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో కూడా చైనాకు తెలియదు.

అందుకే 1862లో యువరాజు గోంగ్ చొరవతో బీజింగ్‌లో టోంగ్వెన్ గ్వాన్ అనే భాషా పాఠశాల పెట్టారు. కొత్తగా ఏర్పడిన విదేశాంగ కార్యాలయం జోంగ్లీ యామెన్ కింద అది నడిచింది. తొలి తరగతిలో పదిమంది మంచూ కుర్రాళ్ళు. మాస్టారు జాన్ బర్డన్ అనే ఆంగ్లికన్ మిషనరీ. అతన్ని తీసుకునేటప్పుడు పెట్టిన షరతు ఏమిటంటే, పాఠం చెప్పాలి, మతం చెప్పకూడదు. అదే బడిలో చైనీస్ నేర్పడానికి వేసిన చైనా పంతులుకు ఇంకో పని కూడా అప్పగించారు: ఆ విదేశీ మాస్టారి మీద ఓ కన్నేసి ఉంచడం.

ఆ తర్వాతి 160 ఏళ్ళ విధానమంతా ఈ తొలి నియామకంలోనే ఉంది. జీతం ఇస్తాం, భాష తీసుకుంటాం, గది మూల నుంచి చూస్తూ ఉంటాం.

గురువు అన్న మాటతోనే గొడవ

1867లో ఇదే బడిలో గణితం, ఖగోళశాస్త్రం కూడా చేర్చుదామన్నప్పుడు వోరెన్ అనే పెద్ద పండితుడు, ఉన్నతాధికారి గట్టిగా అడ్డుపడ్డాడు. ఆయన అభ్యంతరం గణితం మీద కన్నా ఒక మాట మీద ఎక్కువ. దండెత్తి వచ్చినవాడిని గురువుగా ఎలా కూర్చోబెడతాం అన్నది ఆయన బాధ. మన దగ్గర తల్లీ తండ్రీ తర్వాత గురువును చెప్పినట్టే, కన్‌ఫ్యూషియన్ సంప్రదాయంలో ఆకాశం, భూమి, రాజు, తల్లిదండ్రుల వరుసలో ఐదో స్థానం గురువుది. ఆ పీఠం మీద జీతగాడిని, అందులోనూ విదేశీయుణ్ణి ఊహించుకోవడం ఆ తరానికి కష్టం.

ఈ ఇబ్బందికి మేధోపరమైన మందు 1898లో ఝాంగ్ ఝిడోంగ్ ఇచ్చాడు. చైనా విద్య మూలం, పాశ్చాత్య విద్య ఉపయోగం. పునాది మనది, పనిముట్లు వాళ్ళవి. ఇంజినీరింగ్ చదివిన మనకు ఈ ఆలోచన చటుక్కున అర్థమవుతుంది: మెషిన్ దిగుమతి చేసుకుందాం, దాన్ని తయారుచేసిన సమాజాన్ని దిగుమతి చేసుకోనక్కర్లేదు. చిక్కల్లా, భాష మెషిన్ లాంటిది కాదు. అది నేర్పేవాడితో పాటు అతని పుస్తకాలు, అతని జోకులు, అతని సందేహాలు కూడా వస్తాయి.

టోంగ్వెన్ గ్వాన్ తొలి బ్యాచ్‌లో చదివిన ఝాంగ్ దేయీ తర్వాత బ్రిటన్‌లో చైనా రాయబారి అయ్యాడు. 1890ల మొదట్లో గ్వాంగ్‌షు చక్రవర్తి ఇంగ్లీష్ నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయనకు పాఠం చెప్పినవాళ్ళలో ఇతనూ ఒకడు. చక్రవర్తికి ఇంగ్లీష్ నేర్పినవాళ్ళు విదేశీయులు కారు, విదేశీయుల దగ్గర నేర్చుకున్న చైనీయులు. ఈ వరసను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

షాంఘైలో జెండా కర్ర

ప్రభుత్వ బడికి సమాంతరంగా మిషనరీల కాలేజీలు పెరిగాయి. 1879లో షాంఘైలో మొదలైన సెయింట్ జాన్స్ వాటిలో ప్రసిద్ధం. 1919 పారిస్ శాంతి సమావేశంలో షాన్‌డోంగ్ కోసం ఇంగ్లీష్‌లో వాదించిన యువ దౌత్యవేత్త వెల్లింగ్టన్ కూ అక్కడి విద్యార్థే. ఈలోగా 1905లో సుమారు 1300 ఏళ్ళ చరిత్ర ఉన్న సివిల్ సర్వీస్ పరీక్షను చింగ్ ప్రభుత్వం రద్దు చేసింది. పోటీ పరీక్షల కోసం ఏళ్ళ తరబడి చదివే మనలాంటి వాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఊహించుకోవలసిన విషయం ఇది. తరతరాలుగా కంఠతా పట్టిన సిలబస్ ఒక్క ఉత్తర్వుతో విలువ కోల్పోయింది. ఎదగాలనుకునే కుర్రాడికి కొత్త నిచ్చెన కావాలి. ఇంగ్లీష్ ఆ నిచ్చెనల్లో ఒకటయింది.

నిచ్చెన ఎవరిదన్న ప్రశ్న 1925లో తలెత్తింది. మే 30న షాంఘైలో బ్రిటిష్ ఆధ్వర్యంలోని పోలీసులు నిరసనకారుల మీద కాల్పులు జరిపారు. చనిపోయినవారికి సంతాపంగా చైనా జెండాను సగానికి దించాలని సెయింట్ జాన్స్ విద్యార్థులు కోరారు. కాలేజీ అధ్యక్షుడైన అమెరికన్ మిషనరీ ఒప్పుకోలేదు. వందలాది విద్యార్థులు, వాళ్ళతో పాటు చైనా అధ్యాపకులు కాలేజీ వదిలి బయటికి నడిచారు. వాళ్ళ కోసమే గ్వాంగ్‌హ్వా విశ్వవిద్యాలయం పుట్టింది. విద్యాహక్కులను విదేశీయుల నుంచి తిరిగి తీసుకోవాలన్న ఉద్యమం ఆ దశకమంతా సాగింది.

ఇక్కడ ఒక సున్నితమైన తేడా ఉంది. వాళ్ళు తిరగబడింది ఇంగ్లీష్ మీద కాదు. తమ గడ్డ మీద, తమ జెండా గురించి నిర్ణయించే అధికారం టీచర్ చేతిలో ఉండడం మీద.

పుస్తకాలు లేని క్లాసు

ఈ చరిత్రలో అధికారం వాసన లేని ఘట్టం ఒకటి ఉంది. అది యుద్ధకాలం నాటిది. 1937 జులైలో జపాన్ దాడి మొదలయ్యాక బీజింగ్, టియాంజిన్ విశ్వవిద్యాలయాలు దక్షిణానికి తరలిపోయాయి. మొదట హునాన్‌కు, తర్వాత 1938లో యునాన్‌లోని కున్మింగ్‌కు. పెకింగ్, చింగ్‌హ్వా, నాన్‌కాయ్ మూడూ కలిసి నైరుతి సంయుక్త విశ్వవిద్యాలయంగా నడిచాయి. విద్యార్థుల్లో కొందరు వారాల తరబడి నడిచి అక్కడికి చేరారు.

పెకింగ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి అప్పుడే ఇంగ్లండ్ నుంచి వచ్చిన కవి, విమర్శకుడు విలియం ఎంప్సన్ కూడా వాళ్ళతోనే వెళ్ళాడు. లైబ్రరీ వెనకే ఉండిపోయింది. హునాన్ కొండల్లోని తాత్కాలిక క్యాంపస్‌లో ఎంప్సన్ తనకు గుర్తున్న ఇంగ్లీష్ కవితలను జ్ఞాపకం నుంచే టైపు చేసి విద్యార్థులకు పాఠంగా ఇచ్చేవాడు. జీతం కోసం వచ్చినవాడే, కానీ కష్టం వచ్చినప్పుడు వెనక్కి పోలేదు.

ఆ విద్యార్థుల్లో ఒకరు షు గువోజాంగ్. తర్వాతి కాలంలో ఆయన సంపాదకత్వంలో వచ్చిన ఇంగ్లీష్ పాఠ్యపుస్తకంతో చైనాలో కొన్ని తరాలు ఇంగ్లీష్ నేర్చుకున్నాయి. ఎంప్సన్ 1952లో చైనా వదిలి వెళ్ళిపోయాడు. అతని దగ్గర చదివినవాడు రాసిన పుస్తకం మాత్రం దేశమంతా తిరిగింది. టీచర్‌ను పంపేయవచ్చు. అతని దగ్గర చదివినవాళ్ళు మాత్రం ఆ దేశంలోనే ఉంటారు.

రష్యన్ వచ్చింది, రష్యన్ పోయింది

1949 తర్వాత లెక్కలు మారాయి. సోవియట్ యూనియన్ పెద్దన్న, కాబట్టి బడుల్లో రష్యన్ మొదటి విదేశీ భాష. చాలా స్కూళ్ళలో ఇంగ్లీష్ తీసేశారు. 1952 పునర్వ్యవస్థీకరణతో మిషనరీ కాలేజీలు ప్రభుత్వ సంస్థల్లో కలిసిపోయి ఆ పేర్లే లేకుండా పోయాయి. తర్వాత మాస్కోతో చెడింది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన ఆసియా, ఆఫ్రికా దేశాలతో మాట్లాడాలంటే మళ్ళీ ఇంగ్లీషే దిక్కయింది. 1964 నాటి ప్రణాళిక ఇంగ్లీష్‌ను మొదటి విదేశీ భాషగా ప్రకటించింది. శత్రువు భాష అన్న ముద్ర ఉన్నా, అవసరం ముందు సిద్ధాంతం వంగింది.

ఈ కాలానికి ప్రతినిధులుగా ఒక జంటను తీసుకుందాం. ఇసబెల్ క్రుక్ 1915లో చెంగ్డూలో కెనడా మిషనరీల బిడ్డగా పుట్టింది. భర్త డేవిడ్ క్రుక్ బ్రిటిష్ కమ్యూనిస్టు, స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడినవాడు. 1947లో ఇద్దరూ భూసంస్కరణలను అధ్యయనం చేయడానికి హెబెయ్ పల్లెలకు వచ్చారు. మరుసటి ఏడాది, రాబోయే ప్రభుత్వానికి దౌత్యవేత్తలను తయారుచేసే చిన్న బడిలో ఇంగ్లీష్ నేర్పమని పార్టీ అడిగింది. ఒప్పుకున్నారు. ఆ బడే పెరిగి పెరిగి నేటి బీజింగ్ విదేశీ అధ్యయనాల విశ్వవిద్యాలయం అయింది. ఎంప్సన్ శిష్యుడు షు గువోజాంగ్ పనిచేసిందీ ఆ సంస్థలోనే.

వీళ్ళు మతం చెప్పడానికో, డబ్బు కోసమో వచ్చినవాళ్ళు కారు. విప్లవాన్ని నమ్మి వచ్చారు. అయినా 1967లో సాంస్కృతిక విప్లవం ఉధృతంగా ఉన్నప్పుడు డేవిడ్‌ను గూఢచారి అన్న అనుమానంతో పట్టుకెళ్ళారు. 1973 దాకా, ఐదేళ్ళకు పైగా జైల్లో ఉంచారు. ఇసబెల్‌ను క్యాంపస్‌లోనే నిర్బంధించారు. 1973 మార్చి 8న మహిళా దినోత్సవ సభలో ప్రధాని చౌ ఎన్‌లై, విదేశీ నిపుణులకు జరిగిన అన్యాయానికి క్షమాపణ చెప్పారు. క్రుక్ దంపతులు చైనా వదల్లేదు. మళ్ళీ అదే బడిలో పాఠాలు చెప్పారు. డేవిడ్ 2000లో బీజింగ్‌లోనే చనిపోయారు. 2019లో ఇసబెల్‌కు చైనా ప్రభుత్వం స్నేహ పతకం ఇచ్చింది. 2023లో 107 ఏళ్ళ వయసులో ఆమె కన్నుమూశారు.

బర్డన్ వెనక కూర్చోబెట్టిన కాపలా పంతులుకూ, డేవిడ్‌ను తీసుకెళ్ళిన వాళ్ళకూ మధ్య వందేళ్ళ దూరం. అనుమానం మాత్రం పాతదే. సొంత మనిషిగా మారినా విదేశీ టీచర్ విదేశీయుడే.

ఇదే కాలంలో చైనా టీచర్లు పడ్డ బాధ ఇంకా ఎక్కువ. 1973లో హెనాన్ రాష్ట్రంలోని మాఝెన్‌ఫు అనే పల్లె బడిలో ఒక అమ్మాయి, చైనీయురాలినైన నాకు పరభాష ఎందుకు అన్న అర్థంలో ఇంగ్లీష్ పరీక్ష పేపర్ మీద నాలుగు మాటలు రాసింది. టీచర్లు అందరి ముందూ మందలించారు. ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. మరుసటి ఏడాది మావో భార్య జియాంగ్ చింగ్ వర్గం దాన్ని దేశవ్యాప్త రాజకీయ ప్రచారంగా మార్చింది. హెడ్‌మాస్టర్‌నూ క్లాస్ టీచర్‌నూ జైలుకు పంపారు. ఒక పల్లెటూరి పిల్ల మరణం మీద ఢిల్లీ స్థాయి రాజకీయం జరిగితే ఎలా ఉంటుందో ఊహించండి. ఇంగ్లీష్ చెప్పడమే ప్రమాదకరమైన వృత్తిగా మారింది.

మళ్ళీ తలుపు తెరుచుకుంది

1977 డిసెంబర్‌లో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌ను తిరిగి పెట్టారు. సుమారు 57 లక్షల మంది రాశారు. డెంగ్ షియావోపింగ్ నాలుగు ఆధునికీకరణలకు విదేశీ సాంకేతిక విజ్ఞానం కావాలి, దానికి ఇంగ్లీష్ కావాలి. 1982లో బీబీసీ తయారుచేసిన ఫాలో మీ పాఠాలు చైనా టీవీలో మొదలయ్యాయి. వాటిని సమర్పించిన కేథీ ఫ్లవర్ అనే బ్రిటిష్ యువతి దేశమంతటికీ తెలిసిన ముఖమైంది.

టీచర్లు మళ్ళీ వచ్చారు, కానీ అద్దాల గదిలోకి. బీజింగ్‌లో చాలామందికి బస ఫ్రెండ్‌షిప్ హోటల్‌లో. అది 1950లలో సోవియట్ నిపుణుల కోసం కట్టింది. 1980 నుంచి 1994 దాకా విదేశీయులకు వేరే కరెన్సీ నోట్లు ఉండేవి. ఎక్కడ ఉండాలి, ఏ దుకాణంలో కొనాలి అన్నది కూడా వేరే ఏర్పాటు. క్లాసులో మాత్రం నలభై జతల కళ్ళు అతని నోటి వైపే చూస్తుండేవి.

అమెరికా పీస్ కోర్ కథ ఇంకా ఆసక్తికరం. చైనాతో ఒప్పందం 1988లోనే కుదిరినా, 1989 తియానన్మెన్ ఘటనతో ఆగిపోయింది. చివరకు 1993లో తొలి బృందం సిచువాన్ చేరింది. మావో కాలంలో పీస్ కోర్‌ను సామ్రాజ్యవాద సాధనంగా తిట్టిపోశారు కాబట్టి ఆ పేరు వాడలేదు. వాళ్ళు చైనాలో అమెరికా–చైనా స్నేహ వాలంటీర్లు. వాళ్ళలో పీటర్ హెస్లర్ 1996 నుంచి 1998 దాకా యాంగ్‌ట్సీ ఒడ్డున ఉన్న ఫూలింగ్ టీచర్ల కాలేజీలో చెప్పాడు. అతని విద్యార్థులు చాలామంది పల్లెల పిల్లలు, చదువు అయ్యాక పల్లె బడుల్లో ఇంగ్లీష్ టీచర్లు కావలసినవాళ్ళు. 2001లో వచ్చిన అతని పుస్తకం రివర్ టౌన్ చదివితే, మూడు గోర్జెస్ డ్యామ్ కాలపు చైనా పల్లె మన కళ్ళ ముందుంటుంది. 2020లో అమెరికానే ఈ కార్యక్రమాన్ని ముగించింది. అప్పటికి వచ్చి వెళ్ళినవాళ్ళు 1,300 మందికి పైనే. ఈసారి తలుపు మూసింది అవతలివైపు నుంచి. హెస్లర్ 2019లో మళ్ళీ సిచువాన్ వెళ్ళి పాఠాలు చెప్పాడు. 2021లో అతని కాంట్రాక్టును కొనసాగించలేదు.

కోచింగ్ సెంటర్ కాలం

2001 చైనా ఇంగ్లీష్‌కు మలుపు. ఆ ఏడాదే ప్రైమరీ మూడో తరగతి నుంచి ఇంగ్లీష్ తేవాలని నిర్ణయించారు. జులైలో బీజింగ్‌కు ఒలింపిక్స్ దక్కాయి, డిసెంబర్‌లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. గావ్‌కావ్ మొత్తం 750 మార్కుల్లో విదేశీ భాషకు 150. ఒక్కగానొక్క బిడ్డ, ఆ 150 మార్కులు, తల్లిదండ్రుల పొదుపు. అశోక్‌నగర్‌లోనో, రాజేంద్రనగర్‌లోనో ఉంటున్న మనకు ఆ తర్వాత ఏం జరిగిందో వేరే చెప్పాలా? కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చాయి.

వాటిలో పెద్దది న్యూ ఓరియంటల్. పెట్టినది యూ మిన్‌హాంగ్, 1993లో. గావ్‌కావ్‌లో రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో 1980లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీష్ సీటు తెచ్చుకున్నవాడు. 2006లో సంస్థను న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఆన్‌లైన్ వచ్చింది. 2013లో మొదలైన విప్‌కిడ్ అమెరికా, కెనడాల్లో ఇంట్లో కూర్చున్న టీచర్లను చైనా పిల్లల టాబ్లెట్లలోకి తెచ్చింది. వీసా అక్కర్లేదు, హోటల్ అక్కర్లేదు. తెల్లవారుజామున లేచి తలకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు.

చైనా వెళ్ళి పనిచేసే టీచర్‌కు మాత్రం కాగితాల తంతు పెద్దది. డిగ్రీ, దానికి ధ్రువీకరణ, పోలీస్ క్లియరెన్స్, వైద్య పరీక్ష, జెడ్ వీసా, చేరాక నివాస అనుమతి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా ఒకే వర్క్ పర్మిట్ విధానం, ఏ, బీ, సీ అని మూడు తరగతులు. ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగానికి సాధారణంగా రెండేళ్ళ అనుభవం లేదా బోధనా సర్టిఫికెట్ అడుగుతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంగ్లీష్ మాతృభాష అని లెక్కించే దేశపు పాస్‌పోర్ట్. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా. ఇండియా ఆ వరసలో లేదు.

నా బీటెక్ మిత్రుడొకడు చైనాలోని ఒక శిక్షణ సంస్థకు అప్లై చేశాడు. స్కూల్ నుంచి డిగ్రీ దాకా ఇంగ్లీష్ మీడియం. వీడియో ఇంటర్వ్యూ బాగానే సాగింది. చివర్లో పాస్‌పోర్ట్ ఏ దేశానిదని అడిగి అక్కడితో ముగించారు. వాడి ఇంగ్లీష్‌లో లోపం ఏమీ లేదు. అక్కడ తల్లిదండ్రులు ఫీజు కడుతున్నది ఇంగ్లీష్‌కు మాత్రమే కాదు, ఒక ముఖానికి, ఒక యాసకు కూడా. గురువును అనుమానించిన సమాజమే, మార్కెట్ వచ్చాక అతని చర్మం రంగుకు ధర కట్టింది. మరోవైపు, మన తెలుగు రాష్ట్రాలతో సహా భారత్ నుంచి వేలమంది పిల్లలు చైనాకు ఎంబీబీఎస్ చదవడానికి వెళ్ళారు. వాళ్ళకు ఇంగ్లీష్ మీడియంలో పాఠం చెప్పేది ఎక్కువగా చైనా ప్రొఫెసర్లే. ఇంగ్లీష్ ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు ఇంతకన్నా చిత్రమైన జవాబు ఉండదు.

2021 జులై 24

ఆ రోజు డబుల్ రిడక్షన్ విధానం వెలువడింది. హోంవర్క్ భారం, ట్యూషన్ భారం రెండూ తగ్గించాలన్నది ఉద్దేశం. నిర్బంధ విద్య స్థాయిలో పాఠ్యాంశాలు చెప్పే సంస్థలు లాభం కోసం నడవకూడదు. వారాంతాల్లో, సెలవుల్లో ఆ క్లాసులు ఉండకూడదు. విదేశంలో ఉన్న విదేశీయుల చేత ట్యూషన్ చెప్పించకూడదు. ఒక్క ఉత్తర్వుతో పరిశ్రమ కూలింది. న్యూ ఓరియంటల్ ఆ ఏడాది 60,000 మందిని తీసేసింది, మార్కెట్ విలువ సుమారు 90 శాతం పడిపోయింది. విప్‌కిడ్ విదేశాల్లోని టీచర్ల పాఠాలు అమ్మడం మానేసింది. 1905 ఉత్తర్వును గుర్తు తెచ్చుకోండి.

న్యాయంగా చెప్పాలంటే ఈ విధానానికి బలమైన సామాజిక కారణాలున్నాయి. పిల్లల నిద్ర, పేద కుటుంబాల మీద భారం, తగ్గుతున్న జననాల రేటు. కోటా గురించి, మన కార్పొరేట్ కాలేజీల గురించి తెలిసినవాళ్ళు వీటిని తేలిగ్గా తీసిపారేయలేరు. కానీ విదేశంలోని టీచర్‌ను ప్రత్యేకంగా నిషేధించిన నిబంధన పిల్లల నిద్ర గురించినది కాదు. అతను చైనా భూమి మీద లేడు. అతని వెనక కాపలా పంతులును కూర్చోబెట్టే వీలు లేదు.

దీనికి కొసమెరుపు ఒకటి ఉంది. న్యూ ఓరియంటల్ మిగిలిన టీచర్లతో లైవ్‌స్ట్రీమ్‌లో బియ్యం, పండ్లు అమ్మడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో డోంగ్ యూహ్వీ అనే ఇంగ్లీష్ టీచర్, వస్తువులు అమ్ముతూ మధ్యలో బోర్డు మీద ఇంగ్లీష్ మాటలు నేర్పుతూ రాత్రికి రాత్రే దేశానికి తెలిసిపోయాడు. షాన్షీ రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. జనం సరుకు కొనడానికే కాదు, పాఠం వినడానికి వచ్చారు.

మన వైపు నుంచి చూస్తే

భారత్‌తో పోలిక లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. మన దగ్గర ఇంగ్లీష్ 1835 మెకాలే మినిట్‌తో, పాలకుడి భాషగా స్థిరపడింది. కానీ అంతకు ముందే 1817లో కలకత్తా హిందూ కాలేజీ మన పెద్దల చొరవతోనే పుట్టింది. ఆ కాలేజీలోనే 1831లో హెన్రీ డెరోజియోను ఉద్యోగం నుంచి వెళ్ళగొట్టారు. కారణం పాఠం సరిగ్గా చెప్పకపోవడం కాదు, మరీ బాగా చెప్పడం. కుర్రాళ్ళు ప్రశ్నలు వేయడం నేర్చుకున్నారు. భాష కావాలి, మాస్టారు వద్దు అన్న మాట చైనాకే సొంతం కాదన్నమాట.

తేడా ఎక్కడంటే, మన దేశంలో టీచర్ వెనక రాజ్యం ఉంది, చైనాలో టీచర్‌కు యజమాని రాజ్యం. అందుకే ఇక్కడ తెల్ల టీచర్ వెళ్ళిపోయినా ఇంగ్లీష్ కోర్టుల్లో, కార్యాలయాల్లో, మన మెయిన్స్ క్వాలిఫైయింగ్ పేపర్‌లో ఉండిపోయింది. అక్కడ ఇంగ్లీష్ ఎప్పుడూ పరీక్షా విషయంగానే ఉంది, పాలనా భాష కాలేదు. కాబట్టి చైనా కుళాయి తిప్పినట్టు తిప్పగలిగింది, కట్టగలిగింది. మాతృభాషలో ఫిజిక్సు, మెడిసిన్, న్యాయం అన్నీ నడుపుకోగలిగిన దేశానికే ఆ స్వేచ్ఛ ఉంటుంది. ఇది చైనా నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం. టీచర్‌ను అనుమానించడం మాత్రం నేర్చుకోవలసిన పాఠం కాదు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. భాషను, టీచర్‌ను విడదీయడం సాధ్యమేనా? రాజ్యం దృష్టిలో సాధ్యమే, చైనా అది 160 ఏళ్ళుగా చేసి చూపింది. క్లాసు గది దృష్టిలో సాధ్యం కాదు. టోంగ్వెన్ గ్వాన్ కుర్రాడు చక్రవర్తికి ఇంగ్లీష్ నేర్పాడు. లైబ్రరీ లేని కొండ మీద కవితలు విన్న కుర్రాడు దేశానికి పాఠ్యపుస్తకం రాశాడు. ఫూలింగ్‌లో చదివినవాళ్ళు పల్లెలకు వెళ్ళి బ్లాక్‌బోర్డు పట్టుకున్నారు. వీసా గడువు టీచర్‌కే ఉంటుంది.

సాధన కోసం

"ఆధునిక చైనా చరిత్రలో విదేశీ భాషా విద్య, జాతీయ సార్వభౌమత్వం మధ్య ఘర్షణను భారత అనుభవంతో పోల్చి విశ్లేషించండి." 15 మార్కులు, 250 పదాలు. 1858 క్లాజు, 1925 షాంఘై, 1964 ప్రణాళిక, 2021 విధానం... ఈ నాలుగూ వెన్నెముకగా పెట్టుకోండి. క్రుక్ దంపతుల ఉదాహరణ రెండు వాక్యాల్లో వాడితే జవాబుకు మనిషి ముఖం వస్తుంది.